బంతిపూలకు ఓర్చుకోలేని కారు

చోడవరంలో పెళ్లి కారు కావాలంటే ముందు నూకరత్నం ఇంటికే వెళతారు. మొదట్లో ఆవిడ ఊళ్లోవాళ్ల కార్లకు పూలు కట్టేది. తర్వాత సొంత బళ్లు కొంది. నడిపేది తమ్ముడు సత్తిబాబు, మిగతాదంతా ఆవిడే. ఏ బండి కొన్నా మొదటి బేరానికి పంపే ముందు తలుపులకు బంతిపూల దండ బిగించేది. తను వెనక సీట్లో కూర్చుని, పైనుంచి గొట్టంతో నీళ్లు కొట్టించేది. పెళ్లికూతురు కూర్చునే చోట చుక్క పడిందా, డోరు రబ్బరు విప్పించేసేది.

మూడు బళ్లలో రెండు అమ్మేసి విశాఖపట్నంలో ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొన్నప్పుడు మాత్రం ఆ పని చేయలేదు. అంత మెరుస్తున్న బండి మీద నీళ్లు కొట్టించడానికి ఆవిడకే సిగ్గేసింది.

ఆ సిగ్గు బుచ్చయ్యపేట పెళ్లిలో తీరిపోయింది. ఊరేగింపు మధ్యలో వాన పట్టుకుంది. తలుపు పైఅంచు నుంచి నీరు కారి పెళ్లికూతురి పట్టుచీర భుజమంతా తడిసింది. ఆ పిల్ల తల్లి నూకరత్నాన్ని ఒక్క చూపు చూసి, కూతుర్ని దింపి ఆటోలో ఎక్కించింది. నూకరత్నం బాడుగ తీసుకోకుండా వచ్చేసింది. తర్వాతి బేరం వడ్డాదిలో. వాళ్లూ ఆ కారే కావాలన్నారు. అక్కడా కారితే ఇంక చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ ఆవిడ గడప తొక్కరు.

కారు తీసుకుని కొన్న షోరూముకే వెళితే, మేనేజరు శివాజీ మర్యాదగా కూర్చోబెట్టి పెళ్లి ఫొటోలు చూశాడు. దండ పురికొస తలుపు సందులోంచి వెళ్లడం వల్ల రబ్బరు నొక్కుకుపోయిందనీ, అది వారంటీలోకి రాదనీ చెప్పాడు. అయినా ఊరికే బాగుచేస్తాం, తప్పు మీదేనని ఒక్క సంతకం పెడితే చాలన్నాడు.

సత్తిబాబు చెవిలో గొణిగాడు. "సంతకం ఎట్టీయే అక్కా. ఊరికే సేస్తానంటన్నాడు కదా. వడ్డాది పెళ్లి గట్టెక్కిపోద్ది."

"రేపు మళ్లీ కారితే ఆ కాయితమే నా మొకాన కొడతార్రా" అని ఆవిడ శివాజీ వైపు తిరిగింది. "బాబూ, నా పాత బళ్లకీ ఇదే పురికొస కట్టేను. గోవాడ సెరుకు లారీల ఎనక గోతుల్లో పడి తిరిగిన బళ్లవి. ఒక్క తలుపూ నొక్కుకుపోనేదు. ఇంత కరీదెట్టిన బండి బంతిపూలకే ఓర్సుకోకపోతే, అది బండేటి?"

ఎలక్ట్రిక్ కార్ల తయారీ వేరనీ, చిన్నచిన్న తేడాలు మామూలేననీ శివాజీ నవ్వాడు.

"ఆ మాట నాక్కాదు, తడిసిన పెళ్లికూతురికి సెప్పు."

తాళం బల్ల మీద పెట్టేసింది. దండ కట్టినా కారని రోజున కబురు చెయ్యమని, తమ్ముణ్ణి తీసుకుని బస్సెక్కింది.

వడ్డాది వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పి, పాత బండి పంపుతాను, అది కారదు అంది. చుట్టాలందరికీ కొత్త కారని చెప్పుకున్నామని వాళ్లు వేరే ఊరి బండిని మాట్లాడుకున్నారు. ఆ రోజు భోజనం దగ్గర సత్తిబాబు అక్క మొండితనాన్ని ఏకరువు పెట్టాడు. ఆవిడ అతని కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.

షోరూము నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. సంతకం ఊసెత్తగానే ఆవిడ ఫోను పెట్టేసేది. వానలు ముదిరేసరికి అదే రకం కార్లు మరికొన్ని, దండ ముఖం చూడనివి కూడా, తలుపులు కారుతూ షోరూముకు వచ్చాయట. అప్పుడు శివాజీయే ఫోన్ చేశాడు. కొత్త రబ్బరు వేశాం, కాగితం అక్కర్లేదన్నాడు.

నూకరత్నం బుట్టెడు బంతిపూలతో వెళ్లింది. పురికొసను తలుపు సందులోంచే లాగి దండ బిగించి, శివాజీని వెనక సీట్లో కూర్చోమంది.

"నేనెందుకమ్మా?"

"మీ బండి కదా. కూకో."

సత్తిబాబు గొట్టం పట్టాడు. నీళ్లు టాపు మీద పడి తలుపుల మీంచి జారుతున్నాయి. శివాజీ కాసేపు పైకి చూశాడు. చొక్కా పొడిగానే ఉంది. నవ్వుతూ తలుపు తెరవబోతే ఆవిడ బయటి నుంచి అరచేత్తో నొక్కి పట్టింది.

"అప్పుడే దిగీకు బాబూ. ఇంకా వడ్డాది రానేదు" అని తమ్ముడి వైపు చూసింది. "నువ్వు కొట్టరా."