కురుమయ్య బండిలో చప్పుడు

మా కాలనీలో ఆటో మలుపు తిరుగుతుండగానే దాని జబ్బు చెప్పగల మనిషి కురుమయ్య. అరుగు మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ, "దాని ఎనక చక్రం బేరింగు పోతాంది సారూ, వారం గూడ ఆగది" అనేవాడు. వారం తిరక్కముందే ఆ ఆటో ఎక్కడో కూలబడేది. ఇరవై ఏడేళ్లు పాలమూరులో సర్కారు బండ్లు నడిపిన చెవులు అవి. అలాంటి మనిషి తన సొంత కారులో వచ్చే చప్పుడు ఎక్కడిదో తెలియక మూడు వారాలుగా సరిగా అన్నం తినడం లేదంటే, పక్కింటివాడిగా నాకూ బెంగ పట్టుకుంది.

ఆ కారు పరాయిదేం కాదు. చివరి పదహారేళ్లు ఆయన నడిపిన తెల్ల అంబాసిడరే. జిల్లాలు విడిపోయిన ఏడాది ఆఫీసుకు కొత్త బండ్లు వచ్చాయి. దీన్ని ఇక పనికిరాదని కండెం చేసి గోడవారగా వదిలేశారు. వేలం నాడు పాతినుము వాళ్ల మధ్య నిలబడి కురుమయ్యే పాట పాడి కొన్నాడు. పెద్ద సార్ల ముందు గొంతు పెంచి మాట్లాడింది ఆయన జీవితంలో ఆ ఒక్కరోజేనట. వాళ్ల నాయిన పోచయ్య జీవితమంతా ఒకరి చేలల్లో కూలికి పోయాడు. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి కురుమయ్య. ఆ జీతం తెచ్చిపెట్టిన బండి తుక్కులోకి పోతుంటే చూడలేకపోయాడు.

ఆయన భార్య ఈదమ్మ మొదట్లో "ముసలోనికి ముసలి బండి" అని నవ్వింది. ఇటుకల మీద నిలబెట్టిన కారు బానెట్ మీద మిరపకాయలు ఎండబెట్టుకుంది. మూడో ఏటికి ఆమె నవ్వు తగ్గింది. రిపేర్లన్నీ అయ్యాయనుకుని ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోతే, హ్యాండ్ బ్రేకు పట్టడం లేదని వెనక్కి పంపారు. ఆ సాయంత్రం మా గోడ దాకా వినిపించింది ఆమె గొంతు.

"ఇంటున్నవా? ఇంకొక్కసారి. ఈసారి గూడ కాయిదం రాకుంటే పాతినుమాయన్ను నేనే పిలుస్త. నా వాకిలి నాకు గావాలె."

ఈదమ్మ ఊరికే మాట అనే మనిషి కాదు. రెండో పరీక్ష గురువారం. హ్యాండ్ బ్రేకు బాగైంది. కానీ దానితోపాటే ఈ చప్పుడు పుట్టుకొచ్చింది. గతుకు దాటినప్పుడల్లా వెనక ఎడమ పక్క నుంచి "టక్కు". సాఫీ రోడ్డు మీద ఏమీ ఉండదు. చిన్న గుంత వస్తే చాలు, ఎవరో కింద నుంచి వేళ్ల మెటికలతో కొట్టినట్టు టక్కు.

అంతకుముందు ఎన్ని చిక్కులు విప్పలేదని! వాన పడితే లోపలి కప్పు బట్టకు తడి మరక వచ్చేది. ముందు అద్దం రబ్బరు మార్చారు, తలుపుల రబ్బర్లు మార్చారు, మరక మాత్రం పోలేదు. చివరికి బస్టాండు దగ్గర సీట్లు కుట్టే అండాలమ్మ వచ్చి, టాపు మీద వేళ్లతో తడిమి, "అన్నా, ఈడ మీ సారోల్ల బుగ్గ ఉండె గద" అంది. నిజమే. పెద్ద సార్ల కోసం టాపు మీద పెట్టిన ఎర్రలైటు బుగ్గ ఊడదీసిన బోల్టు రంధ్రాల మీద పెయింటరు లప్పం పూశాడు. అది ఎండకు పగిలింది. ఇంకోసారి ఇంజను ఊరికే వేడెక్కి ఆగిపోయేది. మెకానిక్ సైదులు రేడియేటరు రెండుసార్లు విప్పాడు. తీరా చూస్తే, రంగు వేసేటప్పుడు ముందు జాలీకి లోపలివైపు కట్టిన న్యూస్‌పేపరు తీయడం మరిచిపోయారు. గాలి ఎట్లా ఆడుతుంది? ఆ పేపరు మీద తారీఖు చదివి ఈదమ్మ, "ఏడాది పాత వార్తలు మోసుకతిరుగుతుండ్రు" అంది.

ఈ టక్కు మాత్రం దొరకలేదు. సైదులు కమాను పట్టీల బుష్షులు మార్చాడు. షాకబ్జర్లు మార్చాడు. సైలెన్సరు గొట్టానికి కొత్త రబ్బర్లు వేశాడు. ఒకరోజు తానే డిక్కీలో పడుకుని, మూత సగం తెరిచి పెట్టుకుని, కురుమయ్యను నడపమన్నాడు. మోతినగర్ దాటేసరికి జనం ఎవరినో ఎత్తుకుపోతున్నారని వెంటపడ్డారు. మంగళవారం నాటికి సైదులు చేతులెత్తేశాడు.

"కాకా, నీ ఏండ్లెన్ని? దీని ఏండ్లెన్ని? నీ మోకాల్లు సప్పుడు చేస్తలేవా? గట్లనే ఇది గూడ."

"నా మోకాల్లను ఆఫీసరు తనిఖీ చెయ్యడు కదరా."

"నా బిడ్డ పుట్టెంట్రుకలు తీపియ్యాలె. గుట్టకు పోతున్న. శుక్రవారం వస్త." సైదులు కుటుంబంతో యాదగిరిగుట్ట బస్సెక్కాడు.

బుధవారం బడికి సెలవు. పొద్దున్నే గేటు దగ్గర కురుమయ్య నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు.

"సారూ, నడిపేటప్పుడు నా చెవు ముందలుంటది. సప్పుడేమో ఎనక ఉంటది. ఇంకొకలు నడిపితె నేను ఎనక గూసోని ఇంట. మీకు నడపవస్తది గదా?"

వచ్చో రాదో నాకే తెలియదు. నలభై తొమ్మిదో ఏట, మా బావమరిది చిన్న కారు మీద, ఖాళీ గ్రౌండులో నేర్చుకున్నాను. లైసెన్సు కార్డు మాత్రం స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. కురుమయ్యకు కూడా చూపించాను. అక్కడే దొరికిపోయాను.

"వస్తదన్నా" అన్నాను.

తాళం నా చేతికిచ్చి, వెనక ఎడమ తలుపు దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు. ఆ సీటు మీద అండాలమ్మ మూడు వారాల కింద కుట్టిన కొత్త కవరు, దాని మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా అట్లానే ఉన్నాయి. పరీక్ష అయ్యేదాకా ఎవరినీ దాని మీద కూర్చోనివ్వలేదు. నన్ను కూడా, "ముందట గూసోండ్రి సారూ, గాలి వస్తది" అని మర్యాదగా తప్పించాడు. మాసిపోతుందని అనుకున్నాను. ఇప్పుడు ఆయన నిలబడిన తీరు చూస్తే సంగతి అది కాదేమో అనిపించింది.

"ఎక్కన్నా."

"గిది సారోల్ల జాగా."

"సారెవరూ లేరు కదా. బండి నీది."

"నాదే." తల ఊపాడు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, ప్యాంటు వెనక దులుపుకుని ఎక్కాడు. ఎక్కి, సీటు అంచు మీద, కోడి దండెం మీద కూర్చున్నట్టు ఆనీ ఆనకుండా కూర్చున్నాడు. రెండు చేతులతో నా సీటు పట్టుకున్నాడు.

ఆ బండికి గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. నేను కింద వెతుకుతున్నాను.

"ఈడ సారూ, ఈడ. మీదికి గుంజి... అది రివర్సు! గోడ, గోడ!"

గోడకు జానెడు దూరంలో ఆగాం. ఈదమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని చూస్తోంది. "రేపటిదాక ఆగకుండ్రి, ఇయ్యాల్నే తుక్కు చేసుకరాండ్రి" అంది.

మూడుసార్లు ఇంజను ఆగాక దేవరకద్ర రోడ్డెక్కాం. నా వీపు చెమటతో సీటుకు అతుక్కుంది. వెనక నుంచి ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. టక్కు. "ఇన్నరా?" టక్కు. "ఎడమ దిక్కే. ఆక్సిలు పాడయితె సారూ, రేపటికి బాగు కాదు." టక్కు. ఆయన ముందుకు వంగిన కొద్దీ ఆ చప్పుడు ఇంకా పెరిగింది. "పొయ్యింది సారూ. ఈదమ్మ పిలుస్తది వాన్ని. పిలుస్తది."

అప్పుడే ఒక మేకలమంద రోడ్డు దాటి పోయింది. నేను మేకలను చూస్తూ ముందున్న స్పీడ్ బ్రేకరును చూడలేదు. బండి ఎగిరి పడింది. వెనక కురుమయ్య రెండు చేతులూ వదిలేసి సీట్లోకి పూర్తిగా వెల్లకిలా పడ్డాడు.

"ఆగిపోయింది!" అని అరిచాడు.

నేను భయపడి బ్రేకు మీద నిలబడ్డాను. "ఇంజనా?"

"ఇంజను గాదు, సప్పుడు! పోనియ్యి, పోనియ్యి సారూ."

రోడ్డు అంచు గతుకుల మీదే కావాలని పోనిచ్చాను. టక్కు లేదు. ఆయన లేచి అంచుకు జరిగాడు. టక్కు. వెనక్కి జారగిలబడ్డాడు. నిశ్శబ్దం. మళ్లీ అంచుకు. టక్కు. అద్దంలో ఆయన ముఖం కనబడడం, మాయమవడం. రెండు కిలోమీటర్లు అట్లానే పోయాం.

"సారూ, కిందేం లేదు. సీటుల ఉన్నది."

బస్టాండు దగ్గర అండాలమ్మ దుకాణం ముందు ఆపాం. ఆపాం అంటే, ఆమె బల్లకు తగిలి ఆగాం. నేను దిగి వెనక తలుపు తీశాకే కురుమయ్య దిగాడు. ఆమె సంగతి విని నమ్మలేదు. "నా సీటా? నా చేతి సీటు సప్పుడు చేస్తదా అన్నా?" అని రోషపడింది. అయినా సీటు ఎత్తి బయట పెట్టింది. ఇనుప చట్రం వెనక ఎడమ మూల రంగు ఊడి కొత్త ఇనుము మెరుస్తోంది. సరిగ్గా దాని కింద, బండి నేల మీద కూడా రూపాయంత మచ్చ. మనిషి బరువు పడితే చట్రం ఆని ఉంటుంది. ఖాళీగా ఉంటే లేచి కొడుతుంది. అంచు మీద కూర్చుంటే వెనక మూల ఇంకా లేస్తుంది.

అండాలమ్మ వంగి ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది.

"నేనే అన్నా. పాత సీటు కింద గోనెపట్ట మడత ఉండె. ఎలుకలు కొరికినయి, కుల్లు వాసన. ఎందుకున్నదో ఎరుక లేక పారేసిన."

నాకైతే ఒక్క మాటైనా అనాలనిపించింది. మూడు వారాలు, కమాను బుష్షులు, సైదులు డిక్కీ ప్రయాణం. కురుమయ్య మాత్రం "గదేనా? ఇంకేం లేదు గదా?" అనే అడిగాడు. ఆమె లారీ ట్యూబు ముక్క మందంగా కత్తిరించి నాలుగు మూలలా గమ్ముతో అతికించింది. తిరుగు దారిలో ఆయనే నడిపాడు. ఒక్క టక్కు కూడా లేదు. ఇంటి మలుపు దగ్గర ఆయన ముఖం మళ్లీ ముడుచుకుంది.

"ఏ సప్పుడూ లేదు సారూ. మంచిదేనంటరా?"

గురువారం సగం రోజు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. మైదానంలో ఆటోలు, ఒక స్కూలు బస్సు, మా వెనక ట్రాక్టరు. కురుమయ్య ఇస్త్రీ చొక్కా అప్పటికే తడిసిపోయింది. తనిఖీ అధికారి కుర్రవాడు. లైట్లు చూశాడు, హారన్ కొట్టించాడు, వాలు మీద హ్యాండ్ బ్రేకు వేయించాడు. అంబాసిడర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఒక రౌండు నేనే నడిపి చూస్తా" అన్నాడు. ముందు సీట్లో కాగితాలతో ఆఫీసు మనిషి కూర్చున్నాడు. "మీరు వెనక కూర్చోండి పెద్దాయనా."

కురుమయ్య నావైపు చూశాడు. ఆఫీసరు నడుపుతుంటే తను వెనకా! కాదంటే కోపం వస్తుందేమో, ఎక్కితే తప్పేమో. నేను మైదానం గోడ మీద కూర్చునే చేత్తో సైగ చేశాను, పూర్తిగా వెనక్కి ఆనుకోమని. ఎక్కాడు. బండి కదిలింది. మొదటి చుట్టులో వెనక అద్దంలోంచి చూస్తే ఆయన తల ముందుకు వంగే ఉంది. ట్యూబు ముక్క జారితే? గమ్ము పట్టకపోతే? బండి గతుకుల మూల దాటింది. రెండో చుట్టుకు ఆ తల కొద్దికొద్దిగా వెనక్కి జరిగి సీటుకు ఆనింది.

బండి ఆగింది. అధికారి దిగాడు. కురుమయ్య దిగలేదు. లోపల ఏదో తడుముతున్నాడు. తలుపు తెరుచుకోలేదు, అద్దం మాత్రం కిందికి దిగింది. మళ్లీ తిప్పాడు, అద్దం పైకి వచ్చింది.

"తలుపు పట్టేసిందా?" అధికారి చేతిలో పెన్ను ఆగిపోయింది. వచ్చి బయట నుంచి తలుపు తీశాడు. తేలిగ్గా వచ్చింది. లోపలికి వంగి పిడి గుంజి చూశాడు. అదీ పని చేసింది. "మరి ఏమైంది?"

కురుమయ్య చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "తలుపు మంచిదే సార్. ఎనక తలుపు లోపట నుంచి ఎప్పుడు తియ్యలే నేను. బయట నుంచే అలవాటు."

అధికారి ఆయన్నూ, ఆ చెప్పులనూ ఒకసారి చూశాడు. బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

మైదానం గేటు దగ్గర కురుమయ్య ఇంటికి ఫోను చేశాడు. "పాసయింది. పాతినుమాయన్ను పిలువకు."

ఈదమ్మ గొంతు నాకూ వినిపించింది. "నా దగ్గర వాని నంబరు యాడున్నది?"

ఆయన ఫోను జేబులో పెట్టుకుని బండి తీశాడు. ముఖంలో ఇంకా ఏదో గుబులు మిగిలే ఉంది.

"ఆఫీసరు ఎట్ల నడిపిండన్నా?" అని నేనే అడిగాను.

"మంచిగనే నడిపిండు సారూ" అన్నాడు. ఒక మలుపు తిరిగాక, ఎవరూ వినడం లేదని నిర్ధారించుకున్నట్టు అద్దంలో వెనక సీటు చూసి, గొంతు తగ్గించాడు. "మూడో గేరే జర లేటుగ వేసిండు."