వండిన మనిషి కూర్చునేదాకా

మా భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఉంది. మిగతా కుర్చీలతో దానికి జత కుదరదు. చెక్క కాళ్ళు, కూర్చునేచోట గడ్డితాడు అల్లిక. ఎవరైనా కూర్చోగానే ఆ గడ్డి కిర్రుమని సన్నగా మూలుగుతుంది. వాన పడిన రోజున దగ్గరికెళితే ఎండుగడ్డి వాసన కూడా వేస్తుంది. నిన్న సాయంత్రం కోడికూర దించి, చెయ్యి తుడుచుకుని అందులో కూర్చున్నాను. ఆ చప్పుడు చెవిన పడేసరికి ఒదిల్ గారు పక్కనే ఉన్నట్టనిపించింది. ఆవిడని మీలో ఎవరూ చూసి ఉండరు. నేను చదివింది ఏడో తరగతి, అదీ పరీక్షల దాకా వెళ్ళలేదు. రాయడం కంటే చెప్పడమే నాకు అలవాటు. కాబట్టి చెప్పినట్టే రాస్తాను.

మాది గోదావరి పాయకి ఇవతల, యానాంకి ఎదురుగా ఉండే పల్లె. యానాంని ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలారని చిన్నప్పుడు వింటూ పెరిగాను గానీ, ఫ్రెంచి మనిషిని కళ్ళారా చూసింది మాత్రం ఇక్కడ సింగపూర్‌లో, బెడోక్‌లో, మా అంతస్తు నడవాలో. మా ఆయన ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు. మా వాడు కార్తీక్ అప్పుడు ఆరో తరగతి. పక్క ఫ్లాట్‌లోకి కొత్తవాళ్ళు దిగారని తెలిసి తొంగిచూస్తే, మా గేటు ముందున్న కరివేపాకు కుండీ దగ్గర ఒక పొడుగాటి తెల్లావిడ గొంతుక్కూర్చుని ఆకు నలిపి వాసన చూస్తోంది. నన్ను చూసి దొరికిపోయిన పిల్లలా నవ్వింది. ఆవిడే ఒదిల్ గారు. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం, నాది అంతకన్నా తక్కువ. అందుకే కాబోలు మాకు తొందరగా కుదిరింది. ఇక మీదట ఆవిడ మాటలన్నీ నా తెలుగులోకి వచ్చినవే అనుకోండి.

భర్త పేరు బెర్నార్, ఓడల ఇంజన్ల కంపెనీలో పని. కొడుకు లూయీ మా వాడికంటే రెండేళ్ళు చిన్న, కూతురు క్లేర్ అప్పుడప్పుడే బడికి వెళుతోంది. పొద్దున్నే నలుగురూ కాఫీని, పాలని గిన్నెల్లో పోసుకుని అందులో రొట్టె ముంచుకుని తినేవాళ్ళు. పళ్ళెం కూడా లేకుండా రొట్టెని బల్లమీదే పెట్టేవాళ్ళు. బడినుంచి వచ్చాక పిల్లలకి రొట్టె మధ్యలో చాక్లెట్ ముక్క పెట్టి ఇచ్చేవారు ఒదిల్ గారు, మనం అటుకుల్లో బెల్లం ముక్క పెట్టినట్టు. వాళ్ళు చీజు, అంటే వాళ్ళ జున్ను, తెచ్చుకున్న మొదటిరోజు ఆ వాసనకి మా ఆయన ఎలుక చచ్చిందని సోఫా జరిపి, బీరువా కింద కూడా వెతికారు.

నాకు అన్నిటికంటే వింతగా తోచింది వాళ్ళ రాత్రి భోజనం. గోడకి ఇవతల అంతా వినబడేది. కుర్చీలు ఒక్కసారే జరిగేవి. ఆ తర్వాత గంటసేపు మాటలు, నవ్వులు, మధ్యలో గట్టిగా వాదనలు. మొదట్లో రోజూ పోట్లాడుకుంటున్నారనుకుని జాలిపడ్డాను. మా ఇంట్లో భోజనం మూడుచోట్ల జరిగేది. ఆయన టీవీ ముందు, వాడు తన గదిలో ట్యాబ్ ముందు, నేను అందరిదీ అయ్యాక సింకు దగ్గర నిలబడి, గిన్నె అడుగున మిగిలింది కలుపుకుని. మా అమ్మా అలాగే తినేది. దాన్ని గురించి ఆలోచించాలని కూడా నాకు తెలియదు.

అప్పట్లో నా మనసులో ఉన్న దిగులు వేరు. కార్తీక్ నాతో మాట్లాడటం మానేశాడు. తెలుగు అర్థమవుతుంది, కానీ నేను ఏమడిగినా ఇంగ్లీషులో ఒక్క ముక్క. "బడి ఎలా ఉందిరా?" అంటే "ఓకే లా." "ఏం తిన్నావు?" అంటే "ఫుడ్ లా." ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే 'లా' అది. ఆ ఏడాది పెద్ద పరీక్ష. క్లాసులో ఎవరితోనూ కలవట్లేదని, దిగాలుగా ఉంటున్నాడని టీచరు ఫోన్ చేసింది. మా ఆయన కేకలేశారు. వాడు తలుపేసుకున్నాడు. ఆ తలుపు అవతల ఏం జరుగుతోందో నాకు తెలియదు. ఒకే కప్పు కింద ఉండి పిల్లాడు నాకు అందకుండా పోతున్నాడు.

ఇలా ఉండగా ఒకరోజు ఒదిల్ గారు, ఆవిడ భర్త ఇద్దరూ ఏదో ఆఫీసు పని మీద వెళుతూ పిల్లల్ని నాకు అప్పగించారు. పెసరట్లు వేశాను. లూయీ పళ్ళెం ఖాళీ చేశాడు. మా వైపు ఖాళీ పళ్ళెం కనబడితే చెయ్యి ఆగదు కదా, ఇంకోటి వేశాను. అదీ తిన్నాడు. అబ్బ, ఎంత ఇష్టంగా తింటున్నాడో అని మురిసిపోయి మళ్ళీ వేశాను. క్లేర్ గడుసుది, తన ముక్కలు అన్న పళ్ళెంలోకి తోసేస్తోంది. వాడి మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా నములుతూనే ఉన్నాడు. అల్లం కారమేమో అనుకుని పంచదార కూడా అద్దాను. చివరికి పరుగెత్తుకెళ్ళి కరివేపాకు కుండీ పక్కన కక్కేశాడు. సరిగ్గా అప్పుడే లిఫ్టులోంచి తల్లి దిగింది.

పిల్లాడికి ఏం పెట్టానంటుందో అని గబగబా నీళ్ళు తెచ్చాను. ఆవిడ వాడి మొహం కడిగి, ఏదో అడిగి, గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళింట్లో పళ్ళెంలో పడింది వదిలేయడం తప్పట. మా ఇంట్లో పళ్ళెం ఖాళీగా ఉంచడం తప్పు. ఆ రెండు మర్యాదల మధ్య వాడు నలిగిపోయాడు.

"మరి మీ ఇంట్లో ఇక చాలని ఎలా చెబుతారు రత్నా?" అని అడిగారు. పళ్ళెం మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాను. పిల్లలిద్దరికీ అక్కడే, నడవాలోనే, నేర్పించారు. లూయీ ఆ పొట్టనొప్పిలోనే నాలుగైదుసార్లు చెయ్యి పెట్టి సాధన చేశాడు.

ఆ వారమే మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఉత్తచేతులతో వెళ్ళలేక గుత్తివంకాయ చేసి పట్టుకెళ్ళాను. ఆవిడ కోడిని ముక్కలు చేయకుండా మొత్తంగా కాల్చి, బంగాళాదుంపలు పెట్టారు. నేను నాకు తెలిసిన మర్యాద ప్రకారం గిన్నెలందించి, "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అని చెప్పి, వంటింట్లోకి వెళ్ళి కోడి కాల్చిన ట్రే తోముతున్నాను. కాసేపటికి అనుమానం వచ్చింది. రోజూ గోడ అవతల అంత గోల చేసే బల్ల దగ్గర్నుంచి ఒక్క చప్పుడు లేదు.

తొంగిచూశాను. అందరూ చేతులు బల్ల అంచున పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కోడి దాదాపు అలాగే ఉంది. మా ఆయన మాత్రం ఒక కోడికాలు అప్పటికే చేతిలోకి తీసుకున్నట్టున్నారు, నోటిదాకా తీసుకెళ్ళలేక, కింద పెట్టలేక బొమ్మలా పట్టుకుని ఉన్నారు. ఒదిల్ గారి పక్కన గడ్డికుర్చీ ఒకటి ఖాళీగా ఉంది.

"వండినవాళ్ళు కూర్చోకుండా మా ఇంట్లో ఎవరూ మొదలుపెట్టరు. ఇవాళ వండింది మనిద్దరం," అన్నారు ఆవిడ.

నేను చేతికి సబ్బుతో అలాగే నిలబడ్డాను. పరాయివాళ్ళ ముందు, మగవాళ్ళ సరసన, అందరితోపాటు కూర్చోవడమేమిటి? అప్పుడు కార్తీక్ అన్నాడు: "అమ్మా, కమ్ సిట్ లా. అందరూ నీ కోసమే వెయిటింగ్."

ఎన్నో వారాల తర్వాత వాడు నాతో అన్న పెద్ద మాట అది. వెళ్ళి కూర్చున్నాను. గడ్డి కిర్రుమంది. నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అందరూ చూశారు, వాడూ చూశాడు. వేడివేడిగా తింటే రుచి ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు, కానీ అంతమంది మధ్యలో వేడిగా తినడం మాత్రం అదే మొదలు.

వాళ్ళ బల్లమీద ఇంకో పద్ధతి కూడా చూశాను. బెర్నార్ గారు ముందు తన సంగతే చెప్పుకున్నారు. ఎక్స్‌పోలో రైలెక్కి, ఏదో ఆలోచిస్తూ ఇంటి స్టేషన్ దాటిపోయి, మళ్ళీ వెనక్కి రైలెక్కి ఇంటికి ఆలస్యంగా చేరానని. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత వాళ్ళు తమవి చెప్పారు. కార్తీక్ వంతు వస్తే వాడు భుజాలెగరేశాడు. ఎవరూ బలవంతపెట్టలేదు, రొట్టె అందించారంతే.

మర్నాడు బట్టలు ఆరేస్తూ ఆవిడతో నా గోడు చెప్పుకున్నాను. సగం మాటలు, సగం చేతులు. అంతా విని ఆవిడ అడిగారు: "నువ్వు రోజూ వాడిని అడుగుతున్నావు. నీ సంగతి వాడికి ఎప్పుడైనా ఏమైనా చెప్పావా?"

నా సంగతులేముంటాయండీ, ఇల్లూ వంటా అన్నాను. ఆవిడ కొంచెం కోపంగానే చూశారు. "అడిగేవాళ్ళు ముందు తమది ఏదైనా బల్లమీద పెట్టాలి. ఊరికే అడిగితే అది పోలీసు అడిగినట్టుంటుంది," అన్నారు.

ఆ సాయంత్రం మా భోజనాల బల్ల మీద పేరుకున్న ఇస్త్రీ బట్టలు, పాత కాగితాలు, ప్రింటరు, అన్నీ తీసేశాను. మూడు పళ్ళేలు పెట్టి, నేనే ముందు కూర్చున్నాను. మా ఆయన చూసి, "ఏంటే, ఫ్రెంచి కాపురం మొదలెట్టావా?" అన్నారు. అన్నారే గానీ, టీవీ కట్టేసి వచ్చారు. కార్తీక్ మొహం ముడుచుకుని వచ్చాడు. మొదటి కొన్ని రోజులు పళ్ళేల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. చేపలమ్మే అంకుల్ నాకు పాత చేప అంటగట్టబోతే మొప్ప తీసి చూపించానని ఒకరోజు చెప్పాను. వాడు తల ఎత్తలేదు.

తర్వాత ఒకరోజు నిజంగానే ఒక సంగతి జరిగింది. మార్కెట్‌నుంచి వస్తూ బస్సులో నిద్రపోయాను. లేచేసరికి బస్సు డిపోలో ఆగి ఉంది, లోపల నేనొక్కదాన్నే. డ్రైవరు చైనీస్ పెద్దాయన, నన్ను చూసి హడలిపోయాడు. ఎక్కడ దిగాలని అడిగితే కంగారులో సంచిలోని కొత్తిమీర కట్ట తీసి చూపించాను. ఆయన నన్ను వచ్చిన దారినే వెనక్కి వెళ్ళే ఇంకో బస్సు ఎక్కించి, ఆ డ్రైవరుకి అప్పగింతలు పెట్టి పంపాడు. ఇదంతా బల్ల దగ్గర కొత్తిమీర కట్ట పట్టుకుని నటించి చూపించాను. కార్తీక్‌కి నవ్వు ఆగక పొలమారింది. "అమ్మా, యూ సో బ్లర్ లా," అని నీళ్ళు తాగాడు. ఇక్కడి పిల్లలు అయోమయం మనిషిని అలా అంటారు. తాగి, గ్లాసు కింద పెట్టి, గ్లాసునే చూస్తూ చెప్పాడు.

వాడి స్నేహితుడు ఒకడు ఎక్కడో దూరాన ఉన్న బుకిట్ పంజాంగ్‌కి ఇల్లు మారిపోయాడట, బడి కూడా మారాడట. రీసెస్‌లో తినే వేళకి పక్కన కూర్చునేవాళ్ళు లేరు. క్యాంటీన్‌లో ఒక్కడే కూర్చుంటే అందరూ చూస్తారని, లైబ్రరీలోకి వెళ్ళి కూర్చుంటున్నాడట.

"మరి తినడం?" అన్నాను.

"తినను," అన్నాడు తెలుగులో.

మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఎప్పటిలా అరుస్తారేమోనని భయపడ్డాను. ఆయన అరవలేదు. సైట్‌లో తనూ మొదటి ఏడాది మెట్లకింద ఒక్కడే కూర్చుని డబ్బాలో అన్నం తిన్నానని చెప్పారు. ఆ సంగతి నాకు కూడా ఆ రోజే తెలిసింది. వాడు నాన్నని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నేను లేచి సింకు దగ్గరికి వెళ్ళబోయి, ఆగి, కూర్చునే ఉన్నాను.

మర్నాడు డబ్బాలో పులిహోర ఇద్దరికి సరిపడా పెట్టాను. ఒంటరిగా ఉన్నవాడు ఇంకెవడైనా ఉంటాడు, వాడి పక్కన కూర్చో, ఏమీ అడగకు, ముందు పెట్టు అని చెప్పాను. మొదటిరోజు డబ్బా సగం తిరిగొచ్చింది. కొన్నాళ్ళకి ఖాళీగా వచ్చింది. ఆ తర్వాత వాడే, పచ్చిమిర్చి తగ్గించమ్మా, వాడికి కారం పడదు అన్నాడు. ఆ 'వాడు' ఎవడో నేను అడగలేదు. నాలుగు రోజుల్లో అన్నం తింటూ తనే చెప్పాడు.

ఒదిల్ గారి కుటుంబం మూడేళ్ళుండి, బెర్నార్ గారికి వేరే దేశం బదిలీ అయితే వెళ్ళిపోయింది. సామాను ఓడకెక్కించే రోజున ఆవిడ ఆ గడ్డికుర్చీని మా గేటు దగ్గర పెట్టారు. ఇంత మంచి కుర్చీ నాకెందుకండీ అంటే, "ఇది నీ కుర్చీయే, ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఉంది," అన్నారు. నేను కరివేపాకు ఎండబెట్టి పొట్లం కట్టిచ్చాను. ఇప్పటికీ ఫోన్‌లో కనబడతారు. లూయీ గడ్డం పెంచాడు. నన్ను చూడగానే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతాడు.

నా ఇంగ్లీషు ఇప్పటికీ అంతంతమాత్రమే. కానీ ఆ కుర్చీలో కూర్చున్నాక నేను ఎవరికీ భయపడను, నా సంగతులు నాకున్నాయి.

కార్తీక్ ఇప్పుడు, ఇక్కడి మగపిల్లలకి తప్పనిసరైన మిలిటరీ సర్వీసులో ఉన్నాడు, వారాంతంలో ఇంటికొస్తాడు. నిన్న క్యాంపునుంచి ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్లాడు ఎంత ఆకలి మీద ఉన్నాడో పాపం, వడ్డించగానే చెంచా ఎత్తాడు. నేను ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నాను. కార్తీక్ వాడి పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వెయిట్ లా. అమ్మ ఇంకా కూర్చోలేదు."

తినండి నాన్నా, చల్లారిపోతుంది అన్నాను. ఇద్దరూ కదల్లేదు. మా ఆయన కూడా చేతులు బల్ల అంచున పెట్టుకుని ఎటో చూస్తున్నారు. పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుని వెళ్ళి కూర్చున్నాను. గడ్డి కిర్రుమంది. అప్పుడు తీశాడు చెయ్యి.