ఇటుకల కొండ మీద నా వెనకున్న చేతులు

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. పొలంలో గాలి సోకిందని పడిపోయిన ఆడవాళ్ళ మొహాన నీళ్ళు కొట్టి లేపినదాన్ని. తిండి తినక కళ్ళు తిరిగాయి తప్ప గాలీ లేదు, ధూళీ లేదు అని మొహం మీదే చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా దెయ్యం అనడం లేదు. జరిగింది రాస్తున్నాను. యాభై దాటాక అక్షరాలు వచ్చినదాన్ని, వంకరగా ఉంటే మీరే సర్దుకోండి.

మాది రామతీర్థం పక్క పల్లె. మేం బాప్టిస్టు సంఘం వాళ్ళం. మా పొలాల్లోంచి చూస్తే ఇటుకల కొండ కనిపిస్తుంది. వెనకటికి బౌద్ధులు ఉన్న కొండ. నాట్లు వేస్తూ నడుం ఎత్తినప్పుడల్లా అదే కళ్ళబడేది. ఎక్కడానికి మాత్రం తీరుబడి ఉండేది కాదు.

రాత్రిబడిలో చదువు నేర్చుకున్నాక, ఎవరి సాయం లేకుండా నేను మొట్టమొదట చదివింది ఆ కొండ కింద ఉన్న బోర్డు. పైన ఇటుకలతో కట్టిన స్తూపం ఉంది, నీటి గుంట ఉంది అని రాసుంది. రాసినంత మాత్రాన నిజమైపోతుందేటి? నా కళ్ళతో చూడాలనుకున్నాను. ఇవాళా రేపూ అనుకుంటుండగానే వెన్నులో జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయి. ఇంక ఆ బోర్డు మాట అలాగే ఉండిపోయింది.

ఎస్తేరు నా తమ్ముడి కూతురు. నర్సింగు చదివి జపాన్ వెళ్ళింది. అక్కడ కొండల్లో ఒక పల్లెలో ముసలివాళ్ళని చూసుకునే పని చేసింది. కిందటేడు తిరిగొస్తూ నాకోసం మడతపెట్టే చక్రాల కుర్చీ తెచ్చింది. తోసేవాళ్ళ చేతి దగ్గర కూడా బ్రేకు ఉండే కుర్చీ.

"అత్తా, అక్కడ పల్లిటూల్లల్లో కూడా కుర్చీ ఎల్లడానికి వాలు బాట ఏసుంటాది. నడవలేనోల్లని కొండలకీ కోనలకీ తిప్పి సూపిస్తారు. మన కాడ కూడా నాను అలగే సేస్తాను. ముందు నిన్నే తిప్పుతాను," అంది.

"నన్ను ఇటుకల కొండ ఎక్కించు. మరేటీ అక్కర్లేదు," అన్నాను.

"ఎక్కిస్తాను అత్తా. దేవుడి తోడు."

నేను నమ్మాను.

దానికో పద్ధతి ఉంది. కుర్చీ కదిపేముందు నా కుడి భుజం మీద రెండుసార్లు తట్టి "ఉగోకిమాస్" అంటుంది. కదులుతున్నాం అని అర్థమట. చెప్పకుండా కదిపితే కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడతారని అక్కడ నేర్పారట. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పేస్తుంది. తను కింద వైపు నిలబడి, నన్ను వీపు వైపునుంచి మెల్లగా దింపుతుంది. ముందుకి దింపితే బోర్లా పడతారట.

శ్రీకూర్మంలో తాబేళ్ళని చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు బజారు వాలులో అలాగే దింపింది. అరటిపళ్ళ ఆమె పకపకా నవ్వింది. "ఓలమ్మ, ముసిల్దాన్ని ఎనక్కి లాక్కెల్లిపోతన్నాదేటే ఈ పిల్ల!" అంది. నాకూ నవ్వొచ్చింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా చుట్టుపక్కల ఇలా దింపేది ఎస్తేరు ఒక్కతే.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్న కొండకి బయలుదేరాం. మా ఊరి ఆటో అప్పన్న తీసుకెళ్ళాడు. కొండ కింద దింపి టీ తాగొస్తానని వెళ్ళాడు.

బాట చూస్తే అన్నీ రాళ్ళే. కుర్చీ నాలుగు బారలు కూడా పోలేదు. ఎస్తేరు కాసేపు అటూ ఇటూ చూసి, నన్ను ఒక పెద్ద బండ ముందు పెట్టింది. తను నేలమీద కూర్చుని, నా వెనక బండా ఆకాశమూ తప్ప ఏదీ పడకుండా ఫోనులో వీడియో తీసింది.

"నవ్వత్తా. కొండ మీదున్నట్టే ఉన్నాది."

"కొండ మీద లేను గదే."

"సూసినోల్లకి ఏటి తెలుస్తాది?"

ఆ మాట నాకు నచ్చలేదు. పైన బాట చూసొచ్చి తీసుకెళ్తానంది. సరే అన్నాను. బ్రేకు వేసి వెళ్ళింది.

కొంతసేపటికి నా కుడి భుజం మీద ఎవరో రెండుసార్లు తట్టారు. "ఉగోకిమాస్" అని వినబడింది. గొంతు నేను పోల్చుకోలేదు. మాట పోల్చుకున్నాను. బాట దొరికినట్టుంది, పిల్ల వచ్చేసింది అనుకున్నాను. "సల్లగుండవే తల్లీ" అన్నాను.

కుర్చీ బండ వెనక్కి తిరిగింది. అక్కడ వాలు బాట ఉంది. అలికిన కల్లంలా నున్నగా ఉంది. చక్రం కింద చిన్న రాయి పడినా నా నడుముకి తెలుస్తుంది. పైదాకా ఒక్క కుదుపు లేదు.

పైన బోర్డులో రాసినట్టే ఉంది. ఇటుకల గుండ్రం ఉంది. గుంటలో పచ్చటి నీళ్ళున్నాయి. కింద మా పొలాలు, మా చర్చి రేకులు కనిపించాయి. పక్కనున్న ఇటుకని తడిమాను. నా రెండు అరచేతులంత వెడల్పు. విరిగిన అంచులో వడ్ల ఊక అచ్చులున్నాయి. ఊక కలిపి కాల్చారన్నమాట. బోర్డు మీద ఆ ముక్క లేదు.

అప్పుడు నాకు ఎదురుగా, కొండ అంచున ఎస్తేరు కనిపించింది. నాకు వీపు పెట్టి నిలబడి, ఫోను చాచి పట్టుకుని మాట్లాడుతోంది.

"మా అత్తని కొండెక్కించినాను. ఇదిగో, నా ఎనకాలే ఉన్నాది. కల్లనీల్లు ఆగట్లేదు ఆవిడికి."

నేను అక్కడున్నానని దానికి తెలీదు. నన్ను కింద వదిలేసొచ్చి అబద్ధం చెప్తోంది. ముందు నాకు అదే తగిలింది, గుండెలో ముల్లు దిగినట్టు. దేవుడి తోడు అన్న పిల్ల.

తరవాత తెలిసింది రెండోది. ఎస్తేరు ముందుంది. మరి నా వెనకెవరు?

నా మెడ తిరగదు. చెయ్యి వెనక్కెత్తి తడిమాను. పిడి పట్టుకున్న వేళ్ళు తగిలాయి. తడిగా ఉన్నాయి, అప్పుడే అంట్లు కడిగొచ్చిన చేతుల్లాగ. చెయ్యి లాగేసుకుని, ఎస్తేరుని పిలుద్దామని నోరు తెరిచాను.

భుజం మీద మళ్ళీ రెండుసార్లు. మళ్ళీ ఆ మాటే. కుర్చీ మెల్లగా వెనక్కి దిగడం మొదలెట్టింది. ఎస్తేరు వీపు చిన్నదైపోతూ ఉండగా దిగాను. ఒక్కసారి కూడా అది వెనక్కి తిరగలేదు.

కింద బండ ముందు, ఇంతకు ముందున్న చోటే ఉన్నాను. బ్రేకు వేసే ఉంది. అప్పన్న వచ్చి చక్రాలకేసి చూశాడు.

"ఎక్కడికెల్లొచ్చినావు పిన్నీ? సక్రాలకి ఎర్రటి ఇటిక పొడి ఉన్నాది," అన్నాడు.

బండ వెనక బాట చూడమన్నాను. చూసొచ్చి, తుప్పలు తప్ప ఏటీ లేదన్నాడు. ఎస్తేరు దిగొచ్చి, పైకి దారి లేదత్తా, ఇంకోసారి చూద్దాం అంది. ఫోనులో ఏం చెప్పిందో దానంతట అదే చెప్తుందేమోనని చూశాను.

ఆదివారం చర్చిలో ఎస్తేరు సాక్ష్యం చెప్పడానికి లేచింది. నడవలేని అత్తని కొండ ఎక్కించే బలం దేవుడిచ్చాడంది. అందరూ స్తోత్రం అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నచోటునుంచే అరిచాను. "అబద్ధం! అది నన్ను కిందే వదిలేసింది!"

పక్కనున్న రత్నమ్మ తన ఫోను నా ఒళ్ళో పెట్టింది. "మతి పోయిందేటే నీకు? ఇది నువ్వు కావేటి?"

ఎస్తేరు పంచిన వీడియో అది. అంచున నిలబడి మాట్లాడుతోంది. చివర్లో, దాని భుజం వెనక దూరంగా, ఇటుకల దగ్గర కుర్చీ ఉంది. కుర్చీలో నేనున్నాను. చెయ్యి వెనక్కెత్తి ఉన్నాను. నా వెనక ఎవరూ లేరు.

"పిల్ల అంత కష్టపడి తీసుకెల్తే ఇదేనా నీ ఇస్వాసం?" అంది రత్నమ్మ. అందరూ నన్నే చూశారు. నేను ఎస్తేరుని చూశాను. అది నా చేతిలో ఫోనుని చూసింది. మొహంలో రక్తం లేదు. వీడియోలో నేనున్నట్టు అంతకుముందు అది గమనించలేదని అప్పుడే తెలిసింది నాకు. అత్త చెప్పేది నిజమే అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"అత్తా, నిన్ను పైకి ఎవులు తెచ్చినారు?"

"నువ్వే గదే. దేవుడి ముందు నిలబడి సెప్పినావు."

ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు.

తరవాత అప్పన్నని కొండమీదకి పంపాను. విరిగిన ఇటుకల్లో ఊక అచ్చులు ఉన్నాయో లేదో చూడమన్నాను. ఉన్నాయన్నాడు. అంటే నేను వెళ్ళాను. ఎలా వెళ్ళానో నాకు తెలీదు, ఇప్పటికీ చెప్పలేను. ఎవరో నా కోరిక తీర్చారు. తీర్చినవాళ్ళే నన్ను ఆ వీడియోలో నిలబెట్టి, దాని అబద్ధాన్ని నిజం చేసి, ఊరి ముందు నన్ను అబద్ధాలకోరుని చేశారు. ఎందుకో ఎంత ఆలోచించినా తెగడం లేదు.

ఎస్తేరు ఇప్పుడు కూడా ఆదివారం వచ్చి నన్ను చర్చికి తోసుకెళ్తుంది. భుజం తట్టడం, ఆ మాట అనడం మానేసింది. నేనూ అడగను. కుర్చీ కదలగానే చెయ్యి వెనక్కి పెట్టి, దాని వేళ్ళు పొడిగా ఉన్నాయో లేదో చూసుకుంటాను.