ముట్టుకోవద్దు మామా

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు రాయి కోశాను. అందులో పన్నెండేళ్లు హెచ్‌ఐవి మందులు మింగుతూనే కోశాను. నావల్లే నా భార్యకూ ఆ జబ్బు వచ్చింది. ఈ సంగతి మా ఇద్దరికీ, మందులిచ్చే ఆస్పత్రివాళ్లకూ తప్ప మా వీధిలో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారని భయం. మందుల డబ్బాలు బియ్యం డ్రమ్ము వెనక దాచేవాళ్లం.

తాగుడు నాకు జబ్బుకంటే పాతది. యాభై దాటాక ఒళ్లు మారింది. ఒకప్పుడు క్వార్టర్ తాగినా సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. ఇప్పుడు అందులో సగం తాగినా అరికాళ్ల కింద నేల ఉన్నట్టే తెలిసేది కాదు. మొదటిసారి వైన్‌షాపు మెట్ల మీద పడ్డాను. చెప్పు తెగిందని ఇంట్లో చెప్పాను. రెండోసారి ఫ్యాక్టరీలో, కోత మిషను పక్కనే. చెయ్యి రంపానికి జానెడు దూరంలో పడింది. యజమాని మిషను ఆపించి, ఆ రోజు నుంచి నన్ను ప్యాకింగు దగ్గర కూర్చోబెట్టాడు. ఎండకు కళ్లు తిరిగాయని ఇంట్లో చెప్పాను.

ఆ నెల మందులకు వెళ్లినప్పుడు కౌన్సెలర్ మేడం అడిగింది.

"ఈ మధ్య ఎక్కడన్నా పడినారా అన్నా?"

"లేదు మేడం."

"తాగడం ఉందా?"

"ఎప్పుడన్నా, పండక్కి."

నా భార్య పక్కనే ఉంది. సంచి పిడి మెలిపెడుతూ నేలవైపు చూసింది.

మేడం నా ముఖమే చూస్తూ చెప్పింది. "ఈ జబ్బుతో ఏండ్లు గడిస్తే కొందరికి పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. ఎముకల్లో బలం తగ్గుతుంది. దాని మీద తాగితే నిలదొక్కుకోలేరు. పడితే ఎముక తొందరగా విరుగుతుంది అన్నా."

తలాడించి వచ్చాను. బస్టాండులో నా భార్య అంది, "ఆడ నాకు నోరు రాలేదు. ఇంకోసారి అబద్ధమాడితే నేనే చెప్తా."

రెండు వారాల తర్వాత గిద్దలూరులో వాళ్ల చెల్లెలికి ఆపరేషనని, నా భార్య తోడుకు వెళ్లింది. ఆమె పొద్దున బస్సెక్కగానే నేను సీసా తెచ్చుకున్నాను. పదకొండింటికి స్నానానికి పోయాను. మా స్నానాలగది పెరట్లో ఉంది. రేకు తలుపు, లోపల గడియ. రెండు చెంబులు పోసుకున్నానో లేదో, కాలు ఎటు పోయిందో తెలియలేదు. తుంటి నాపరాయి బండకు తగిలింది. లోపల పుల్ల విరిగినట్టు వినపడింది. లేవబోతే కుడికాలు రాలేదు. పాదం పక్కకు తిరిగి, ఎవరిదో కాలులాగా పడి ఉంది. కుళాయి తగిలి నుదురు చిట్లింది. నెత్తురు కంట్లోకి దిగుతోంది.

గోడ అవతల పక్కింటి మామ గేదెను కడుగుతున్నాడు. లారీ నడిపి మానుకున్న మనిషి, బలమైనవాడు. కేకేస్తే వచ్చేవాడే. నేను వేయలేదు. వస్తే ఆస్పత్రికంటాడు, బట్టల కోసం ఇంట్లోకి పోతాడు, డబ్బాలు చూస్తాడు. నా బుర్ర అంతవరకే పోయి ఆగింది. ఇంట్లో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. పళ్లు బిగించి గోడవైపు జరగాలని చూశాను. జరగలేకపోయాను.

గంట గడిచిందేమో, మామ మా పెరట్లోకే వచ్చాడు.

"అల్లుడా! ఫోన్ ఎత్తడంలేదని నీ పెండ్లాం నాకు చేసింది. ఏంది కత?"

"ఏం లేదు మామా. స్నానం చేస్తున్నా."

"గంట నుంచా? నీళ్ల చప్పుడే లేదే?"

"వస్తున్నా, నువ్వు పో."

ఆ మాట అనడానికి తల ఎత్తాను. తుంటి కదిలింది. అరుపు దానంతటదే వచ్చేసింది. మామ ఇంకేం అడగలేదు. గడ్డపార తెచ్చి తలుపు పెకలించాడు. రేకు అంచు ఆయన అరచేతిని చీల్చింది. అది చూసుకోకుండానే నా చంకల కింద చేతులు పెట్టబోయాడు. నా ముఖమంతా నెత్తురు. ఆయన చేతి నుంచీ నెత్తురే.

"ముట్టుకోవద్దు మామా!"

"ఏందయ్యా నీ పిచ్చి?"

"నాకు హెచ్‌ఐవి ఉంది. నీ చేయి తెగింది. నా నెత్తురు తగలనీయొద్దు."

ఆయన నిటారుగా లేచాడు. తన అరచేతిని చూసుకున్నాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. ఒంటి మీద తడి తువ్వాలు తప్ప ఏమీ లేదు. సిగ్గుకో నొప్పికో ఏడుపొచ్చింది.

గోడ అవతల కుళాయి చాలాసేపు పారింది. తర్వాత మామ తిరిగొచ్చాడు. చేతికి గుడ్డ కట్టుకుని, రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కున్నాడు. నా మీద పంచె కప్పాడు.

"అంబులెన్సుకు ఫోన్ చేసినా. కదలొద్దు. నీ నెత్తురు నాకేమన్నా తగిలిందా? నిజం చెప్పు."

"లేదు మామా. నిజంగా తగల్లేదు."

అంబులెన్సులో తలుపు దగ్గర, నాకు దూరంగా కూర్చున్నాడు. కానీ వచ్చాడు.

ఒంగోలులో తుంటికి ప్లేటు వేశారు. డాక్టరు అడగకముందే జబ్బు సంగతి, సీసా సంగతి రెండూ చెప్పాను. మామ కూడా తన చేయి చూపించుకుని, జరిగింది చెప్పాడు. పరీక్షల్లో ఆయనకేమీ లేదని తేలేదాకా నా భార్య సరిగా అన్నం తినలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఈ మాటను మామ తన ఇంట్లో తప్ప ఎక్కడా బయటపెట్టలేదు గానీ, ఆయన భార్య మూడు నెలలు మా గడప తొక్కలేదు. మాకు ఇచ్చే మజ్జిగ ఆపేసింది. తర్వాత మళ్లీ గోడ మీదనుంచి అందించడం మొదలుపెట్టింది. తాగుడు మానడానికి ఆస్పత్రిలో మాత్రలిచ్చారు. ఒకసారి జారి మళ్లీ తాగాను. నా భార్యకు ఆ సాయంత్రమే చెప్పాను. అప్పటినుంచి సీసా ముట్టుకోక ఎనిమిది నెలలైంది.

మొన్న అరుగు మీద కూర్చున్నప్పుడు మామ అడిగాడు. "ఆ పొద్దు అంతసేపు ఎందుకు కేకేయలేదయ్యా? సచ్చిపోతానని భయం లేదా?"

"నీకు తెలుస్తుందనే భయం ఎక్కువైంది మామా."

ఆయన అరుగు మీంచి లేచాడు. "స్నానాలగదికి ఇంకా గోనెపట్టానే కడుతున్నారు. ఆ తలుపు నేను బాగు చేసిస్తా. లోపల గడియ మాత్రం పెట్టను," అన్నాడు.