కరెంటు లేని షెడ్డు

కంప్యూటర్ కంపెనీల చరిత్రలు రాసేవాళ్ళకు షెడ్డంటే ప్రాణం. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక షెడ్డు, జేబులో చిల్లిగవ్వ లేదు. మూడో అధ్యాయానికల్లా ప్రపంచం మారిపోతుంది. ఆ కుర్రాళ్ళకు వండిపెట్టిందెవరు, వాళ్ళ బట్టలు ఉతికిందెవరు అన్నది మాత్రం ఏ అధ్యాయంలోనూ దొరకదు.

మా వీధి చివరింటి టంకమక్క తమ్ముడి మీద కూడా అలాంటి పుస్తకం వచ్చింది. సీసం కరిగించి వైర్లు అతికే టంకం పని ఆమెది. అందుకే వీధికంతా ఆమె టంకమక్క. ఇంట్లో పెట్టుకోదగ్గ చిన్న కంప్యూటర్ని తమ్ముడూ అతని స్నేహితుడూ కలిసి పెరటి షెడ్డులో పుట్టించారని పుస్తకం చెబుతుంది. అక్క గురించి కూడా ఒక వాక్యం ఉంది: 'అప్పుడప్పుడూ టీ తెచ్చిచ్చే అక్క'. ఆమె అది చదివి, "టీ పెట్టింది వాడు. నా చేతులు ఖాళీగా ఉంటేగా" అంది.

ఖాళీ లేకపోవడానికి కారణం ఉంది. మొదటి యంత్రాల బోర్డులన్నిటికీ టంకం పెట్టింది ఆమే. పగలు రేడియో ఫ్యాక్టరీలో అదే పని. సాయంత్రం ఇంటికొచ్చి, భోజనాల బల్ల తుడిచి, మళ్ళీ అదే పని. ఫ్యాక్టరీవాళ్ళు జీతమిచ్చేవారు. ఇంట్లోవాళ్ళు అక్కా అని పిలిచేవారు.

తర్వాత తమ్ముడు కంపెనీతో పాటు పెద్ద ఊరు వెళ్ళిపోయాడు. రేడియో ఫ్యాక్టరీ మూతపడింది. అక్క షెడ్డులో బొగ్గుల బస్తాలు తీయించి, కరెంటు పెట్టించి, ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసే కొట్టు తెరిచింది. తనతోపాటు పని పోయిన ముగ్గురు ఆడవాళ్ళను చేర్చుకుంది. ఇవాళ నాలుగిళ్ళలో పొయ్యి వెలుగుతోందంటే ఆ షెడ్డు చలవే.

కంపెనీవాళ్ళు పుస్తకం చదివి, షెడ్డును మ్యూజియం చేయాలనుకున్నారు. ఇల్లు తమ్ముడి పేరున ఉంది కనక అక్కను అడగాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. ఒకరోజు మ్యూజియం అధికారి ఒక ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎలక్ట్రీషియన్ చేతిలో ఎక్కడో వెతికి తెచ్చిన పాతకాలపు నల్ల ప్లగ్ పాయింటు ఉంది.

"ఇదెక్కడ బిగించమంటారమ్మా?"

"ఎందుకు నాయనా?"

"అప్పుడెలా ఉందో అచ్చం అలాగే ఉండాలట."

"అప్పుడు షెడ్డుకి కరెంటే లేదు."

అధికారి సర్దిచెప్పాడు. "ఇంట్లోంచి వైరు లాగుంటారులెండి."

"ఇంటికంతటికీ ఉన్నది ఒక్క ప్లగ్గు. భోజనాల బల్ల పక్కన. దాన్లో నా టంకం పెట్టే ఐరన్ ఉండేది."

"మరి షెడ్డులో ఏముండేది?"

"బొగ్గులు. నాన్న కంటపడకుండా సిగరెట్లు కాల్చుకోవడానికి వీళ్ళిద్దరూ."

అధికారి అది రాసుకోలేదు. "పుస్తకంలో షెడ్డనే ఉందమ్మా. వచ్చేవారంలోగా సామాను తీసేయండి" అని వెళ్ళిపోయాడు.

అక్క తమ్ముడికి ఫోన్ చేసింది. "ఓసారి రారా. అప్పట్లో షెడ్డులో ప్లగ్గెక్కడుండేదో చూపించి పోదువుగాని."

వచ్చాడు. కారు సందులో పట్టక నడిచొచ్చి, షెడ్డు గుమ్మంలో నుంచున్నాడు. లోపల ముగ్గురూ పని ఆపలేదు.

"మ్యూజియం కదక్కా. మనింటికే పేరు."

"పేరు సంగతి తర్వాత. ప్లగ్గు చూపించు."

నాలుగు గోడలూ చూశాడు.

"షెడ్డని ఎందుకు చెప్పావురా?"

"అందరికీ షెడ్డుందక్కా. ఏ కంపెనీ చూసినా ఒక షెడ్డుంది. నేనేమో వెళ్ళి, మా అక్క భోజనాల బల్ల మీద అంటే పెట్టుబడి పెట్టేవాళ్ళు ఏమనుకుంటారు?"

"భోంచేశారనుకుంటారు."

తమ్ముడు నవ్వాడు. అక్క నవ్వలేదు. "రేపట్నుంచి ఎక్కడ కూర్చోవాలో వీళ్ళకి నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పలేను."

ముగ్గురిలో పెద్దామె ఫ్యాన్ మీంచి తలెత్తింది. "బాబూ, కాస్త పక్కకి జరుగు. వెలుతురు రావట్లేదు."

అతను పక్కకు జరిగాడు. బయటికి పోయి అధికారికి ఫోన్ చేశాడు. జరిగిందంతా భోజనాల బల్ల మీదేనని, షెడ్డు జోలికి పోవద్దని చెప్పాడు. షెడ్డు అక్కదేనని కూడా అన్నాడు. అది ఇంకా నోటిమాటగానే ఉంది, కాగితం మీదకు ఎక్కలేదు. అడుగుతూనే ఉండమని నేను అక్కకు చెబుతూనే ఉన్నాను.

అలా ఎన్నడూ లేంది నిజం గెలిచింది. మర్నాడు వ్యాను వచ్చి భోజనాల బల్లను ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి అక్క షెడ్డులోనే, మిగతా ముగ్గురితో కలిసి, పనిబల్ల మీద తింటోంది.

సెలవురోజు చూసుకుని నలుగురూ కంపెనీ ఊళ్ళో పెట్టిన మ్యూజియానికి వెళ్ళారు. అద్దాల వెనక బల్ల, దానికి రెండు కుర్చీలు. బల్ల మూల ఒక నల్లటి కాలిన మచ్చ. అక్క ఐరన్ జారి పడ్డప్పటిది. అమ్మ చూడకుండా దానిమీద ఏళ్ళతరబడి కంచం బోర్లించి ఉంచేది. ఇప్పుడు పక్కనే చీటీ పెట్టారు: 'వ్యవస్థాపకుల తొలి ప్రయోగాలకు గుర్తు'.

పెద్దామె అటూ ఇటూ చూసింది. "నీ కుర్చీ ఏదే?"

"వెయ్యలేదుగా."

"మరి నువ్వెక్కడికి పోయినట్టు?"

అక్క ఆ మచ్చను ఇంకోసారి చూసుకుంది.

"టీ పెట్టడానికి పోయుంటాను" అంది.