మా ఊరి సర్వే మేక

నా చిన్నప్పుడు మా గుట్ట మీద సర్వే యంత్రాన్ని కదిపింది మేక కాదు, నేను. ఇన్నేళ్లలో ఈ మాట నేను నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో ఇప్పటికీ ఆ నింద మా తాత మేక మీదే ఉంది. చెవి మీద తెల్లమచ్చ ఉన్న ఆ మేకను బతికినన్నాళ్లూ అందరూ సర్వే మేక అనే పిలిచారు.

మా ఊరు హుస్నాబాద్‌కు దగ్గర. ఊరి వెనక గుట్ట, గుట్ట నెత్తిన చదునైన బండ. దాని మీద ఎప్పుడో ఎవరో ఉలితో చెక్కిన గుండ్రటి గీత, నడుమ ఒక చుక్క. మేము దాన్ని చుక్కబండ అనేవాళ్లం. పిల్లలం ఆ చుక్కలో గోలీ నిలబెట్టి ఆడుకునేవాళ్లం. అది పాతకాలపు సర్వేవాళ్ల గుర్తని, అలాంటి గుర్తులు దేశమంతటా ఉన్నాయని, వాటిని పట్టుకునే పటాలు గీశారని నాలుగో తరగతిలో ఉన్నప్పుడు సర్వే మేడం వచ్చి చెబితేనే తెలిసింది.

ఆమెది పెద్దపల్లి. తలకు చున్నీ చుట్టుకుని, మూడు కాళ్ల స్టాండు భుజాన వేసుకుని, దారి చూపడానికి వచ్చిన మా తాత కంటే ముందే గుట్ట ఎక్కేసింది. తాత మేకలు కాసేది అక్కడే. ఆ రోజు బడి లేదు కనుక సద్దిగిన్నె పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగిలేది కాదు. ఆమె పేరు అడిగితే తాత వెనక దాక్కున్నాను.

ఆమె స్టాండును సరిగ్గా చుక్క మీద నిలిపింది. దానికున్న చిన్న గాజుబిళ్లలో గాలిబుడగ నడుమకు వచ్చేదాకా కాళ్లు సర్ది, పైన బోర్లించిన గిన్నెలాంటి యంత్రాన్ని బిగించింది. టేపుతో ఎత్తు కొలిచి గట్టి అట్టల పుస్తకంలో రాసింది. ఒక అంకె తప్పు పడితే దాని మీద ఒక్క గీత గీసి పక్కన మళ్లీ రాసింది.

"రబ్బరు లేదా మేడం?" అన్నాడు తాత.

"ఉన్నా వాడొద్దు తాతా. గిది సర్వే బుక్కు. తప్పు వడితే చెరపొద్దు. గీత గీసి పక్కకు సరిగ రాయాలె. కింద తప్పు గూడ కనవడాలె."

యంత్రం ఆకాశంలోకి ఏం చూస్తోందని తాత అడిగాడు. పైన తిరిగే ఉపగ్రహాలు ఒక్కొక్కటీ ఎంత దూరంలో ఉన్నాయో అది లెక్క కడుతుందట. తాతకు అర్థం కాలేదు.

"నీ మేకనే తీస్కో తాతా. ఒక్క గుంజకు కడితే తాడు పొడుగున గుండ్రంగ తిరుగుతది. మూడు దిక్కుల మూడు గుంజలకు బిగిచ్చి కడితే?"

"ఇగ యాడ తిరుగుతది పాపం! ఒక్క జాగల్నే నిలవడుతది."

"గంతే. ఉపగ్రహాలు గుంజలు. గీ చుక్క మేక."

"చుక్కబండను మేకను జేసినవ్ గద మేడం!" అని తాత నవ్వితే గుట్ట మీద మేకలన్నీ తలలెత్తి చూశాయి.

అవతలి గుట్ట మీద ఆమె తోటి ఉద్యోగి ఇంకో యంత్రం పెట్టి కూర్చున్నాడు. రెండూ ఒకే సమయంలో, గంటల తరబడి కదలకుండా ఉండాలి. ఆ పని ఆ రోజే అయిపోవాలి. మర్నాడు వాళ్లు హుజూరాబాద్ దిక్కు పోవాలి. "ఇక్కడ బెత్తెడు తప్పితే, ఇక్కణ్నుంచి కొలిచే ఊరి భూములన్నీ బెత్తెడు జరుగుతయి. మేకలను దగ్గరికి రానియ్యకుర్రి" అని చెప్పి ఆమె, తాత ఒక పెద్ద గుండురాయి నీడన అన్నానికి కూర్చున్నారు.

నేను గబగబా తినేసి యంత్రం దగ్గరికి వెళ్లాను. అంత గౌరవం దొరికాక మా చుక్క ఎలా ఉందో చూడాలనిపించింది. స్టాండు కాళ్ల మధ్య వంగి చూసి లేస్తుంటే నా కాలు తగిలి ఒక కాలు బండ మీద కిర్రుమని జరిగింది. యంత్రం పడలేదు. దాని పచ్చదీపం ఏమీ ఎరగనట్టు మిణుకుమంటూనే ఉంది. బుడగ మాత్రం గాజు అంచుకు పోయింది. ఆ స్టాండు కాలును వెనక్కి జరిపితే అది ఇంకో అంచుకు పోయింది.

ఎవరూ చూడలేదనుకున్నాను. కిందికి చూస్తే ఊరి పొలాలన్నీ కనిపించాయి. మా బావి పక్కవాళ్ల మడిలోకి, వాళ్ల ఒడ్డు మా మక్కచేనులోకి జరిగిపోయినట్టే అనిపించింది. చెప్పాలంటే నోరు తెరవాలి. అదే నాకు రాదు. రాయి బరువు కింద పుస్తకం, అందులో పెన్ను ఉన్నాయి. తీసి, ఆమె రాతల కింద ఇలా రాశాను: మీరు అన్నం తినేటప్పుడు నా కాలు తగిలిందేమో. మేకలు రాలేదు.

మళ్లీ చదువుకున్నాను. 'తగిలిందేమో' మీద ఒక గీత గీసి, పక్కన 'తగిలింది' అని రాశాను.

ఆమె వచ్చి చదివింది. బుడగను చూసింది, నన్ను చూసింది. ఫోను తీసి అవతలి గుట్టకు చెప్పింది: "సురువు నుంచి మళ్లా పెడదాం." అతని కేకలు నాకూ వినిపించాయి. "పొద్దూకితే పొద్దూకనియ్యి. తప్పు లెక్క తీస్కపోయి ఏం జేస్తం?" అని పెట్టేసి, నా ముందు గొంతుక్కూర్చుంది.

"భయమైందా?"

తలూపాను.

"నువ్వు రాయకపోతే నేను గిదే మంచిదనుకొని తీస్కపోదును. ఇప్పుడు ఫికర్ లేదు. నీ మాట కింద నీ పేరు వెట్టు."

పెట్టాను. ఆమె పక్కన సంతకం చేసి, అడ్డంగా గీత గీసి, దాని కింద కొత్త సమయం రాసింది.

అప్పుడే చెంబు కడుక్కుని వచ్చిన తాత, ఇద్దరినీ చూసి, "ఏమైంది మేడం? గా తెల్లమచ్చ మేక తగిలిందా ఏంది? దాని కాళ్లు ఇరగ!" అన్నాడు.

"అయింది బుక్కుల రాసున్నది తాతా."

"నాకు సదువు రాకపాయె" అని తాత మేకను అదిలించడానికి వెళ్లిపోయాడు. అది ఎక్కడో దూరాన తుమ్మకాయలు నములుతోంది. అయినా ఊళ్లోకి దిగాక తాత అందరికీ దాని పేరే చెప్పాడు.

ఆ సాయంత్రమంతా నాకొక ఉద్యోగం దొరికింది. కాసేపటికోసారి ఆమె నీడలోంచే "బుడగ నడిమిట్ల ఉన్నదా?" అని అడిగేది. నేను "ఉన్నది మేడం!" అని అరిచేదాన్ని. కొత్త మనిషితో నేను పలికిన మొదటి మాట అదే. పొద్దు గూకేసరికి ఎన్నిసార్లు పలికానో, ఒక్కోసారి ఆమె అడగకముందే పలికాను. దిగిపోయేటప్పుడు ఆమె తన సంచిలోంచి అలాంటిదే ఒక కొత్త పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది.

అదే నా మొదటి డైరీ. ఇప్పటికి చాలా నిండాయి. ఒక్కదాంట్లోనూ పేజీ చింపలేదు, మాట చెరపలేదు. గీత కింద నా తప్పులన్నీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. 'ఏమో' అని రాసిన చోటల్లా చెయ్యి కాసేపు ఆగుతుంది.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని రాసుకుంటున్నాను. ఎదురింటి పెద్దాయన సర్వే మేక కథ ఎత్తుకుని ఎప్పటిలాగే తాతను ఆట పట్టించి పోయాడు. తాత బీడీ ముట్టించి నా పెన్ను వంక చూశాడు.

"గా దినం గుండు పక్కకెల్లి నాకంత కనవడ్డది బిడ్డా" అన్నాడు. "మేక పెన్ను వట్టంగ నేనైతే గా ఒక్కసారే జూసిన."