ఓనరమ్మ ఒప్పుకుంటే రేపే

దర్జీగారు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది ఎర్రకోడి తగువుతోనే. వంటింటి గోడ పక్కన బోర్లించిన గంప ఎత్తడం ఆలస్యం, అది రెక్కలు దులుపుకుని, ఎవరి మొహమూ చూడకుండా ముందుగదిలోకి నడిచిపోయేది. అక్కడ కుట్టుమిషన్ తొక్కుడుపలక మీద ముక్కుతో టకటకా కొట్టేది. దర్జీగారు మొహం తుడుచుకుంటూనే, "వస్తున్నానమ్మా వస్తున్నా, జీతం కొయ్యకు" అంటూ గుప్పెడు నూకలు తెచ్చి మిషన్ కింద చల్లేవారు. ఆయన పాదాలు పైకీ కిందికీ ఆడుతుంటే వాటి మధ్య నుంచే అది ఏరుకు తినేది.

దాని పేరు ఓనరమ్మ. ఎవరైనా వచ్చి "నా చొక్కా ఎప్పుడిస్తావయ్యా" అంటే ఆయన మిషన్ కిందికి వంగి చూసి, "ఓనరమ్మ ఒప్పుకుంటే రేపే" అనేవారు. ఓనరమ్మ ఎల్లుండి దాకా ఒప్పుకున్న పాపాన పోలేదు.

తెంపిన దారప్పోగు ఒక్కటి కూడా నేల మీద పడనిచ్చేవారు కాదాయన. మిషన్ పక్కన తీగతో ఒక పాత పౌడరు డబ్బా వేలాడదీసి అందులో వేసేవారు. "అమ్మగారు తిరిగే చోటు" అనేవారు నవ్వుతూ.

ఇప్పుడు ఆయన లేరు. గంప ఎత్తేది ఆయన భార్యే. నూకలు వంటింట్లోనే వేస్తోంది. ఓనరమ్మ మాత్రం వాటిని తినీ తినక ముందుగదికే పోతోంది. అక్కడ ఎవరివో కొత్త పాదాలు. ఒకసారి చూసి, పక్కకి జరిగి, పాత అలవాటు కొద్దీ మిషన్ కిందే వెతుక్కుంటోంది.

ఆ కొత్త పాదాలు మరిదివి. "మిషన్ ఊరికే ఉంటే తుప్పు పట్టిపోతుంది వదినా" అని, అన్న కుర్చీ ఇంకా చల్లారకముందే వచ్చి కూర్చున్నాడు. అంతకుముందు అతను నాలుగైదు చోట్ల పనిచేసి మానేశాడు. ప్రతిచోటా యజమానికి బుర్ర లేదట. ఇక్కడ యజమాని కోడే కాబట్టి ఆ బాధ తప్పింది. పౌడరు డబ్బా అతనికి బాగా పనికొచ్చింది. సిగరెట్టు పీకలు అందులో పడేస్తాడు.

అతని వెనకే ఆడపడుచు దిగింది. దర్జీగారికీ మరిదికీ అక్క. మరదల్ని ఓదార్చడానికి వచ్చి, వెళ్ళే సంగతి మరిచిపోయింది. "ఏడవకు అమ్మాయ్. ఏడిస్తే మాత్రం నా తమ్ముడు తిరిగొస్తాడా? ఈ టీలో ఇంకాస్త చక్కెర వెయ్యి" అనేది రోజూ ఆవిడ చేసే ఓదార్పు.

దర్జీగారి భార్య ఏడవట్లేదు. ఏడవడానికి తీరికేది? మరిది మిషన్ తొక్కి అవతల పారేసిన బట్టలన్నీ ఆమె ఒళ్ళోకే వచ్చి పడేవి. కాజాలు కుట్టాలి, గుండీలు వెయ్యాలి, అంచులు మడవాలి. "అన్నకి చేసేదానివేగా వదినా" అనేవాడు, అదేదో ఇంటితోపాటు రాసిచ్చిన హక్కులాగా. అన్నకి చేసేది నిజమే. ఆ అన్న ఆమె కాజాలు కుడుతున్నంతసేపూ వీధిలో వాళ్ళ నడకలన్నీ కూర్చున్నచోటే నడిచి చూపించి నవ్వించేవాడు. ఈయన ఈల వేస్తాడు. అదీ అపశ్రుతిలో.

అలాంటి ఒక పొద్దున ఆమె గంప ఎత్తింది. ఓనరమ్మ లేవలేదు.

ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి ముద్దలా కూర్చుంది. నూకలు వేస్తే చూసి మొహం తిప్పుకుంది. ఆమె ఒళ్ళోకి తీసుకుని తడిమింది. మెడ కింద మేత నిలిచే సంచి గట్టిగా బంతిలా తగిలింది. కోడి మెడ సాచి నోరు తెరిచింది. ఊపిరి పులిసిన వాసన కొట్టింది.

ఆడపడుచు వచ్చి నడుం మీద చెయ్యేసుకుని చూసి తీర్పు చెప్పేసింది. "ఇది పోతుంది. అదే పోయేలోపు మనమే కోసెయ్యాలి. ఆదివారం మీ అన్నయ్యగారు వస్తున్నారు కూడాను. కలిసొచ్చింది."

"జబ్బు కోడిని తింటారా అక్కా?" అన్నాడు మరిది, మిషన్ దగ్గర్నుంచే.

"పొయ్యి మీద పెట్టాక జబ్బేమిట్రా, దెయ్యమైనా వదిలిపోతుంది."

"అయినా అంత తొందరేం లేదులే. వట్టి అజీర్తి. రేపు చూద్దాం."

ఆ మాట ఆమె చెవిలో సూదిలా దిగింది. దర్జీగారు దగ్గుతున్నప్పుడు కూడా ఇదే గదిలో, ఇదే నోరు ఇదే మాట అంది. "వట్టి జలుబు వదినా, ఆసుపత్రి దేనికి, రేపు చూద్దాం." అప్పుడు ఆడపడుచు ఫోన్లో ఆవిరి పట్టమంది. పెద్దవాళ్ళు చెప్పారు కదా అని ఆమె ఆవిరి పట్టింది. ఆ రేపు రోజూ జరుగుతూ జరుగుతూ చివరికి చూడ్డానికేమీ మిగలని రోజు దగ్గర ఆగింది.

ఆమె కోడిని వంటింట్లోకి తెచ్చి, దర్జీగారి పాత చొక్కా పరిచిన బుట్టలో పొయ్యికి దగ్గరగా పెట్టింది. మందు సీసా డ్రాపరుతో గోరువెచ్చటి నీళ్ళు చుక్కలు చుక్కలుగా నోట్లో వేసింది. వేళ్ళకి కాస్త నూనె రాసుకుని ఆ గట్టి సంచిని మెల్లగా పిసికింది. పనిమధ్యలో మళ్ళీ మళ్ళీ వచ్చి ఇదే పని. ఓనరమ్మ ఒక కన్ను తెరిచి చూసేది. ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు.

ఇక్కడ ఒళ్ళో కోడి ఉంటే అక్కడ గుండీల్లేని బట్టలు గుట్టయ్యాయి. ఒకావిడ తన కూతురి ఆకుపచ్చ గౌను కోసం వచ్చింది.

"ఇదేంటయ్యా, వెనకంతా తెరిచే ఉంది?"

"ఇప్పుడు ఇదే ఫ్యాషనండీ" అన్నాడు మరిది.

"మరి నీ చొక్కాకి గుండీలెందుకున్నాయి?"

ఆవిడ వెళ్ళాక అతను వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు. "పరువు పోతోంది వదినా."

ఉన్నదేగా పోయేది, అనుకుంది ఆమె. పైకి అనలేదు. ఆడపడుచు మాత్రం దేన్నీ లోపల ఉంచుకునే మనిషి కాదు. "నా తమ్ముడికైనా ఇంత సేవ చేశావో లేదో తల్లీ" అంది, టీ చప్పరిస్తూ.

డ్రాపరు పట్టుకున్న వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. చెయ్యనిచ్చారా, అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఓనరమ్మ గొంతులో ముద్దలాగే అదీ అక్కడే ఇరుక్కుపోయింది.

శనివారానికి ఓనరమ్మ మెడ వాల్చేసింది. ఆమె దాన్ని గుడ్డసంచిలో తల బయటికి ఉండేలా పెట్టుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అంది ఆడపడుచు.

"పశువుల ఆసుపత్రికి, వదినగారూ."

"కోడిని ఆసుపత్రికా! నలుగురూ నవ్విపోతారు!"

"నవ్వనివ్వండి. ఏడిపించినవాళ్ళ కంటే నయం."

ఆ ఇంట్లో ఆమె గట్టిగా అన్న మొదటి మాట అదే. ఆడపడుచు కప్పు సాసరులో పెట్టడం కూడా మరిచిపోయింది.

ఆసుపత్రి వరండాలో రెండు గేదెలు, పట్టు రిబ్బను కట్టిన ఓ కుక్కపిల్ల. చీటీ రాసే గుమాస్తా సంచిలోకి తొంగి చూశాడు. "కోడికి చీటీనా? దీని పేరేం రాయాలమ్మా, కూర అని రాయనా?"

"ఓనరమ్మ అని రాయండి."

గుమాస్తా నవ్వాడు. గేదెలవాళ్ళు నవ్వారు. కుక్కపిల్ల కూడా మొరిగింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. చేత్తో నొక్కి చూసి, "ఇది మేత కాదు, లోపల ఏదో చుట్టుకుంది. చిన్న గాటు పెట్టి తియ్యాలి. దక్కుతుందని మాటివ్వలేను" అంది.

"ఇవాళే చెయ్యండి. రేపు అనకండి, అంతే చాలు."

కోడి కాళ్ళు పట్టుకోమంటే ఆమే పట్టుకుంది. గాటులోంచి పట్టకారుకి తగులుకుని ఒక ముద్ద బయటికొచ్చింది. విప్పితే దారాలు. ఎక్కువగా ఆకుపచ్చవి, మధ్యలో కాస్త ఎరుపు, ఒక కాగితం ముక్క. డాక్టరమ్మ గాటు కుట్టేసింది. కుట్టు కాస్త వంకర పోయింది. దర్జీగారైతే విప్పి మళ్ళీ కుట్టించేవారు. ఆమెకి మాత్రం అంత అందమైన కుట్టు జన్మలో చూడలేదనిపించింది. దారాల ముద్దని కడిగి రుమాల్లో కట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఇంట్లో అన్నయ్యగారు, అంటే ఆడపడుచు భర్త, ఒకరోజు ముందే దిగిపోయారు. ఆడపడుచు ఉల్లిపాయలు తరిగి పళ్ళెం నిండా సిద్ధంగా పెట్టింది.

"వచ్చావా అమ్మా? ఏదీ కోడి?" అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

ఆమె సంచి దించింది. ఓనరమ్మ తల పైకెత్తి ఆయన్ని చూసింది. ఆమె రుమాలు విప్పి ముద్దని ఉల్లిపాయల పక్కన పెట్టింది.

"ఛీ! ఏమిటిది?" అంది ఆడపడుచు.

"మీ తమ్ముడి పనితనం, వదినగారూ. దీని లోపల్నుంచి తీశారు."

మరిది లేచి వచ్చి చూశాడు. ఆకుపచ్చ అతనికీ గుర్తొచ్చింది. "అన్నీ నావేనంటే ఎలా? అన్న కుట్టిన దారాలు కూడా ఉండుంటాయి."

ఆమె ముందుగదిలోకి వెళ్ళి, పౌడరు డబ్బా తీగ విప్పి, అందులో పీకలన్నీ మిషన్ బల్ల మీద బోర్లించింది. "మీ అన్నవి ఇందులో ఉండేవి, అబ్బాయీ."

అన్నయ్యగారు దగ్గి, "ఉల్లిపాయలు ఉత్తగా కూడా బాగానే ఉంటాయిలే" అన్నారు. ఆ పూట అదే కూర.

ఓనరమ్మ మెల్లగా కోలుకుంది. ముందు మెత్తటి అన్నం పిడచలు తింది, తర్వాత నూకలు, ఆ తర్వాత ఆడపడుచు కాలి వేలిని ఒక పోటు పొడిచింది. ఆవిడకి ఉన్నట్టుండి సొంత ఇల్లు గుర్తొచ్చి భర్తతో కలిసి వెళ్ళిపోయింది. మరిది వెళ్ళలేదు. డబ్బా మళ్ళీ తీగకి కట్టాడు, దారాలు అందులోనే వేస్తున్నాడు. దాంతో తన బాకీ తీరిపోయిందనుకున్నాడు.

"వదినా! కాజాలెన్నయ్యాయి?" అని కేక వేశాడు ఓ పొద్దున. "పది చొక్కాలు ఇవాళ ఇచ్చెయ్యాలి!"

ఆ చొక్కాలు వంటింటి చాప మీద గుట్టగా ఉన్నాయి. గుట్ట మీద ఓనరమ్మ ఎక్కి, ఈకలు సర్దుకుని, స్థిరంగా కూర్చుంది.

"వదినా, నిన్నే! ఎప్పుడవుతాయి?"

ఆమె వంగి కోడి మొహంలోకి చూసింది.

"ఓనరమ్మ ఒప్పుకుంటే రేపే" అంది.

సూదిలో ఎక్కించి ఉన్న దారాన్ని లాగేసి, గుండీల పెట్టెకి మూత పెట్టింది. చొక్కాల మీంచి కోడిని లేపలేదు. గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. పెళ్ళయ్యాక ఆ వేళప్పుడు ఆమె కాళ్ళు చాపుకోవడం అదే మొదలు.